తడవని మూల

తెల్లారేసరికి కొండ మాయమైంది!

నిన్న సాయంత్రం దాకా ఊరి నెత్తిన నిలబడి ఉన్న ఉదయగిరి దుర్గాన్ని రాత్రికి రాత్రే ఎవరో ఎత్తుకుపోయినట్టుంది. ఎటు చూసినా మబ్బే. కొండ కనిపించకపోతే ఆ రోజుకి ఎండ లేనట్టేనని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. చెక్క చెంచాలు చేసే ఇంటి ఇల్లాలికైతే ఆ మాట ఒకరు చెప్పనక్కర్లేదు. నిద్ర లేవగానే ఆమె ముందు చూసేది పొయ్యి వైపు కాదు, ఇంటి కప్పు వైపు. రేకు కొత్తగా ఎక్కడన్నా కారుతోందా? కింద పెట్టిన బకెట్ నిండిందా? ఆ తర్వాత గోడవారన పరిచిన గోతం ఎత్తి, దాని కింద చెంచాల్లో ఒకటి తీసి బుగ్గకు ఆనించుకుంటుంది. చల్లగా తగిలితే ఇంకా చెమ్మ ఉన్నట్టు.

నాలుగు రోజులుగా చల్లగానే తగులుతోంది.

వాన వద్దని అనుకునే ఇల్లు మాత్రం కాదది. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో అలాంటి ఇల్లే ఉండదు. రాష్ట్రంలో చాలా జిల్లాలు జూన్‌లో తడిస్తే, ఈ జిల్లా అక్టోబరు దాకా ఆకాశం వైపు చూడాల్సిందే. ఇక్కడ నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాలే పెద్దదిక్కు. చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితేనే చెరువులోకి నాలుగు నీళ్లు చేరేది. చెరువు కలుజు పారిందంటే ఊరికి పండగే. పైగా ఈ చుట్టుపక్కల బోరునీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉంది. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటారు. అందుకే చినుకు పడగానే చూరు కింద గిన్నెలు, బిందెలు వరసగా చేరిపోతాయి. వాననీళ్లలో వేస్తే కందిపప్పు ఇట్టే ఉడుకుతుంది. బోరునీళ్లలోనా... గ్యాసు అయిపోవాలేగానీ పప్పు మెత్తబడదు!

అంటే వాన ఆమెకు ఒక చేత్తో ఇచ్చి, ఇంకో చేత్తో తీసుకుంటుంది. ఇచ్చేది గిన్నెలోకి. తీసుకునేది గోతం కింద నుంచి.

ఉదయగిరి చెక్క చెంచాలకు 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నర్ది, బిక్కి, కల్ది, పాలబరికి... దుర్గం చుట్టూ ఉన్న కొండల్లో దొరికే ఈ కర్రలే వీటికి ముడిసరుకు. తరాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉన్న పని. పెద్ద గరిటె నుంచి వేలెడంత చెంచా దాకా, ఫోర్కులు, దువ్వెనలు, కాడల మీద పూలూ తీగలూ... ఒకసారి చూసినవాళ్లు వట్టి చేతులతో పోరు. పని మాత్రం నెమ్మది. దుంగను రంపంతో కోయాలి, చీల్చాలి, చెంచా ఆకారం వచ్చేదాకా చెక్కాలి. ఆ తర్వాత ఆకురాయి, చిన్న ఉలి, ఆఖరున ఉప్పు కాగితం. కొయ్యడం, చీల్చడం ఎక్కువగా మగవాళ్ల వంతు. రాకడం, నునుపు చెయ్యడం ఆడవాళ్లది. కూర కలిపి కడిగే లోపు నాలుగు చెంచాలు, పిల్లాడికి తలదువ్వి మరో రెండు... ఇంటిపనికీ ఈ పనికీ మధ్య గడప కూడా లేదు.

చిక్కంతా ఆఖరి మెట్టులోనే. చెమ్మగా ఉన్న చెక్క మీద ఉప్పు కాగితం ఆడదు. పొడి రాలాల్సింది పోయి పేస్టులా అంటుకుంటుంది. తడి ఆరకుండా కట్టగట్టి పెడితే నల్లమచ్చలు పడతాయి. మచ్చ పడ్డ చెంచాను ఎవరు కొంటారు? పొయ్యి దగ్గర పెట్టి గబగబా ఆరబెడదామంటే బీటలు వారుతుంది. నీడలో, గాలిలో, దాని తీరికలో అదే ఆరాలి. కొత్త సంవత్సరానికి, సంక్రాంతికి పట్నాల్లో ఎగ్జిబిషన్లు మొదలవుతాయి. సరుకు అడిగేదీ అప్పుడే, ఇక్కడ ముసురు పట్టేదీ అప్పుడే!

ఆ ఇల్లు రెండు గదులది. ముందు గదిలో ఒక్క మూల మాత్రం ఎంత వానొచ్చినా తడవదు. గాలి ఆడుతుంది, జల్లు కొట్టదు. దాని కోసం ముగ్గురు పోటీ. చెంచాల గోతం ఒకటి. పెద్దమ్మాయి పుస్తకాలు రెండు. దగ్గుతో రాత్రంతా నిద్రపోని బుడ్డోడి పక్క మూడోది. పగలు చెంచాలకు, రాత్రి పిల్లాడికి, తెల్లవారుజామున పుస్తకాలకు... అని ఆమె వంతులు వేసింది. ఏ గవర్నమెంటు ఆఫీసులోనూ ఇంత న్యాయంగా పంపకం జరిగి ఉండదు.

ఆ పొద్దున సెల్‌ఫోన్లో కబురొచ్చింది. స్కూళ్లకు సెలవు! బుడ్డోడు మంచం మీద గంతులు. తల్లి ముఖంలో మాత్రం లెక్కలు. బడి ఉంటే మధ్యాహ్నం అన్నం అక్కడే. గుడ్డు అక్కడే. సెలవంటే ఇద్దరు పిల్లలకు మూడు పూటలా ఇంట్లోనే వండాలి. మడతపెట్టలేని తడిబట్టల మధ్య, చెంచాల మీదికి ఎవరూ దూకకుండా కాపలా కాయాలి. ఇంట్లో వాళ్ల మాట ఉర్దూ. గుమ్మం దాటితే నెల్లూరు తెలుగు. కోపమొస్తే రెండూ కలిసిపోతాయి.

“అమ్మీ, కలుజు కాడ చేపలు పడతా ఉండారంట, పోయొచ్చేదా?” అన్నాడు రెండోవాడు.

“పోతావా? పో! కాలు జారితే ఆ చేపలే నిన్ను పట్టుకుంటాయి. కూచో ఆడ. ఈ చెంచాలు లెక్కపెట్టు.”

లెక్కపెట్టాడు. ముప్ఫై రెండు దగ్గర తప్పాడు. మళ్లీ మొదటి నుంచి. వానరోజు పిల్లల్ని ఇంట్లో కట్టేయడానికి ఇంతకన్నా మంచి తాడు లేదు.

భర్త చూరు కింద కూర్చుని వీధిలోకి చూస్తుంటాడు. కొండదారి జారుడు. కర్ర కోసం లోపలికి పోయే వీల్లేదు. అసలే ఆ చెట్లు దగ్గర్లో తగ్గిపోయి, కర్ర కోసం ఏటికేడాది ఇంకా దూరం పోవాల్సి వస్తోంది. ఈ కొండకింద ఎదురుచూడటం కొత్తేం కాదు లెండి. శ్రీకృష్ణదేవరాయలంతటివాడే గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గం కోసం ఏడాదిన్నర ముట్టడి వేసి, 1514లో గానీ పట్టుకోలేకపోయాడు. ఆ విజయానికి గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి 1515లో గుడి కట్టించాడు. చరిత్రలో ముట్టడి గురించే ఉంటుంది. ఆ ఏడాదిన్నరలో ఒక విశాఖ కార్తె కూడా వచ్చే ఉంటుంది కదా! గుడారాల్లో ఆ సైనికులు తడిబట్టలు ఎక్కడ ఆరేసుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆమె చెవులు వీధివైపు తిరుగుతాయి. పెద్దమ్మాయి ఆత్మకూరులో డిగ్రీ చదువుతోంది. బడులకు సెలవిచ్చారు గానీ కాలేజీలో ఏదో పరీక్ష ఉందని పొద్దున్నే బస్సెక్కింది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి రానూపోనూ ఛార్జీల బాధ తప్పింది. ఆ డబ్బుల్లో కొంత ఉప్పు కాగితానికి, కొంత పిల్లాడి దగ్గు మందుకు మళ్లింది. ఆధార్ కార్డు తడవకుండా అమ్మాయికి పాల ప్యాకెట్ కవరు కడిగి ఇచ్చిందామె. కానీ టికెట్టు లేనంత మాత్రాన వాగు దారిస్తుందా? చప్టా మీద నీళ్లు పారితే బస్సు అక్కడే ఆగుతుంది. ఆగితే ఎంతసేపో డ్రైవరుకే తెలియదు.

ఆత్మకూరు దారి అంటే ఆమెకు ఇంకో భయం. 2021 నవంబరు. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లన్నీ పెన్నలో కలిసి ఆత్మకూరుకు దగ్గర్లోని సోమశిల మీద పడ్డాయి. జలాశయం నుంచి అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. డ్యామ్ ముందున్న ఆప్రాన్ దెబ్బతింది. నెల్లూరు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అప్పుడు అమ్మాయి ఇంకా చిన్నది. ఇంట్లోనే, తన పక్కలోనే ఉంది. అయినా ఆ నాలుగు రోజులు టీవీలో చూసిన నీళ్లు ఆమె కళ్లలోంచి పోలేదు. ఏటా విశాఖ కార్తె రాగానే సోమశిలకు ఇన్‌ఫ్లో ఎంతని అడిగే గృహిణులు ఈ దేశంలో ఎంతమంది ఉంటారో!

నాలుగైంది. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. అయిదైంది. అనుమసముద్రంపేట దర్గాకు మొక్కుకుంది, వచ్చే గురువారం వస్తానని. ఆరింటికి వీధి చివర దాకా వెళ్లి వచ్చింది. ఈ లోపు చెంచాల గోతం మీద పిల్లి కూర్చుంది. తరిమింది. బుడ్డోడికి జావ తాగించింది. ఏ పనీ ఆగలేదు. చేతులు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి, ఆమె మాత్రం ఏదో చప్టా దగ్గర నిలబడి ఉంది.

ఏడున్నరకు గుమ్మంలో చెప్పుల చప్పుడు.

“చప్టా కాడ రెండు గంటలు నిలబెట్టేసినారమ్మీ. ఫోన్ చచ్చిపోయింది.” తల నుంచి నీళ్లు కారుతున్నాయి. పుస్తకాలు మాత్రం గుండెకు హత్తుకుని, చున్నీ కింద, పొడిగా ఉన్నాయి.

తల్లి తిట్టలేదు. మాట్లాడనూ లేదు. తువ్వాలు ఆమె మీదికి విసిరి, మూలనున్న గోతాన్ని పక్కకు లాగింది. ఆ పూట వంతు నిజానికి పిల్లాడిది. ఆ రాత్రికి అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ మూలలోనే సర్దుకున్నారు. చెంచాలు ఆమె తలదగ్గరికి వచ్చాయి. రేకు కారే చోటికి మూరెడు దూరంలో. మధ్యలో రెండుసార్లు లేచి బకెట్ మార్చింది.

తెల్లారింది. వాన ఎత్తిపోయినట్టే ఉంది. బుడ్డోడు కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు.

“అమ్మీ... కొండ సగం వచ్చింది!”

అప్పటికే ఆమె గోతాన్ని వాకిట్లోకి ఈడుస్తోంది.