చిన్న బండిలో వచ్చే మోకు

మా నౌపడ స్టేషన్లో ఒకప్పుడు రెండు కొలతల పట్టాలుండేవి. ఒకటి మద్రాసు నుంచి హౌరా పోయే పెద్ద లైను. దాని పక్కనే పర్లాకిమిడి రాజావారు వేయించిన సన్న లైను. 1900లో పర్లాకిమిడి దాకా మొదలై, 1931 నాటికి గునుపూరు చేరింది. దాని మీద తిరిగేదాన్ని మేము చిన్న బండి అనేవాళ్ళం.

మా పెరట్లో కొబ్బరికాయలు దింపే తాత ఆ బండిలోనే టెంబూరు వైపు నుంచి వచ్చేవాడు. భుజాన మోకు, మొలలో కత్తి, చేతిలో కాళ్ళ బందం. దిగీదిగగానే మా వీధరుగు స్తంభానికి మోకు చుట్టి, వెనక్కి వాలి, బరువంతా దాని మీద వేసి చూసేవాడు. తాటి నారతో తనే పేనుకున్న తాడది. ముడి దగ్గర ఒక్క పోగు లేచినా ఆ రోజుకి చెట్టెక్కడు. అమ్మ అన్నం పెట్టి పంపేది.

ఎక్కేటప్పుడు చూడాలి. నడుముకీ చెట్టుకీ కలిపి మోకు. పాదాలకి బందం. వెనక్కి వాలి మోకుని పైకి విసిరి, కాళ్ళు దగ్గరకి లాక్కుంటాడు. మళ్ళీ వాలి, మళ్ళీ విసురు. మేము అంకెలు లెక్కపెట్టేవాళ్ళం. ఇరవై దాటేసరికి మొవ్వు దగ్గర ఉండేవాడు.

అసలు పని అక్కడ మొదలు. కత్తి వెనకవైపుతో కాయని తట్టి, మోతని బట్టి ముదురో లేతో చెప్పేవాడు. ఎండు మట్టలు నరికేవాడు. మొవ్వులో కన్నం కనిపిస్తే ఇనప చువ్వ గుచ్చి కొమ్ము పురుగుని బయటికి లాగేవాడు. కిందనుంచి మేము చిన్న బుట్ట తాడుకి కట్టి పంపేవాళ్ళం. అందులో మా ఊరి ఉప్పు, ఇసక కలిపి ఉండేవి. వాటిని మట్టల మొదళ్ళలో పోస్తే పురుగు చేరదని చెప్పేవాడు. 1930లో సత్యాగ్రహులు ఉప్పు వండడానికి వచ్చిన ఊరు మాది. ఆ ఉప్పు చెట్టు తలలోకి కూడా చేరుతుందని నాకు తెలిసింది ఆయన వల్లే.

ఒకసారి నేను పక్కన ఉన్న చింతచెట్టు ఎక్కి గొప్ప చెప్పుకుంటే, తాత అన్నాడు: "అది కొమ్మలున్న చెట్టు బాబూ. దీనికి పట్టుకోడానికి మనం తప్ప ఏటీ నేదు."

2004లో సన్న లైను ఆగిపోయింది. పెద్ద పట్టాలు వేసి గునుపూరుకి మళ్ళీ బండి నడిపేసరికి 2011 వచ్చింది. ఆ ఏడేళ్ళలో తాత మోకాళ్ళు అరిగిపోయాయి. కొడుకు చెట్టు ముట్టుకోలేదు, గల్ఫ్‌లో రిగ్గరుగా, అంటే ఎత్తుల మీద బరువులు లేపి బిగించే పనిలో, చేరాడు. మా వైపు కుర్రాళ్ళు చాలామంది పట్టిన దారే అది. ఆ తరవాత తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఆ పక్కనే ఉన్న ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలకి తోటలే పడిపోయాయి. మా పెరట్లో పద్నాలుగింటికి ఆరు మిగిలాయి.

మొన్న సంక్రాంతికి తాత కొడుకు మా ఇంటికొచ్చి ఫోనులో ఒక యంత్రం చూపించాడు. వేలాడే తాడుకి తగిలించి మీట నొక్కితే, మోటారు చక్రం తాడుని పట్టి మనిషిని పైకి లాగేస్తోంది. ఇలాంటివాటిలో స్వీడన్ యాక్ట్‌సేఫ్ కంపెనీది ఒకటి బ్యాటరీతో నడుస్తుంది, అమెరికా ర్యాప్టర్‌కి పెట్రోలు ఇంజను. మన డబ్బులో లక్షలు. "ఇది కొంటే మళ్ళీ ఊళ్ళో చెట్లెక్కొచ్చా మాస్టారూ?" అని అడిగాడు. ఆ కళ్ళలో ఆశ చూసి రెండు రోజులు ఆలోచించాను.

విదేశాల్లో రోజంతా పెద్ద పెద్ద చెట్లు ఎక్కి కొమ్మలు కోసేవాళ్ళకి అది నిజంగా మేలే. మోకాళ్ళూ భుజాలూ అంత త్వరగా అరగవు. కాని ముందు సన్న దారానికి బరువు కట్టి గట్టి కొమ్మ మీదుగా విసరాలి, దాని వెంట అసలు తాడు లాగాలి. ఆ కొమ్మ బరువు మోస్తేనే మోటారు పనికొస్తుంది. మర్రికి, చింతకి కుదురుతుంది. కొబ్బరికి మట్టే ఉంది, కొమ్మ లేదు. మట్ట ఊడితే మనిషి ఏమవుతాడు? తాత ఒక్క మాటలో చెప్పింది అదే.

అందుకే కొనొద్దన్నాను. మన చెట్టుకి కావలసింది బోదెని పట్టుకుని ఎక్కే సాధనం. కేరళలో చెంబేరి యంత్రాన్ని కాళ్ళతో తొక్కుతూ ఎక్కుతారు. అక్కడ 2011 నుంచి కొబ్బరి అభివృద్ధి బోర్డు యువతకి శిక్షణ ఇచ్చి, యంత్రంతో పాటు ప్రమాద బీమా కూడా ఇచ్చింది. తెలంగాణలో 2024లో గీత కార్మికులకి కాటమయ్య రక్షక కవచం పేరుతో తాళ్ళు, నడికట్లు పంచారు. ఆ కవచమూ, ఆ బీమా రెండూ మా వైపు కూడా రావాలి. గల్ఫ్‌లో టవరెక్కే కొడుక్కి నడికట్టు లేనిదే పని ఇవ్వరు. అరవై ఏళ్ళు చెట్లెక్కిన తండ్రికి మాత్రం నార తాడే దిక్కయింది.

తాత కొడుకు సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. తాత మోకు మా కొట్టుగదిలో మేకుకి వేలాడుతోంది, పోగులు రాలుతున్నాయి. పెరట్లో ఆ ఆరు చెట్ల కాయలు ఎండి వాటంతటవే పడుతున్నాయి. మనవల్ని అటు ఆడుకోవడానికి పంపడం మానేశాం.