ఒండ్రు మీద మోపిన నేరం

బ్రూజ్ వెళ్తున్నామంటే ఎవరైనా చెప్పే మొదటి మాట, పడవ ఎక్కండి అని. చలికాలంలో ఆ పడవలు చాలామటుకు రేవుకు కట్టేసి ఉంటాయి. అందుకని మేం నీటి వెంట నడవాలనుకున్నాం. రైయె నది ఊళ్లోకి వచ్చే దక్షిణపు కొసన మొదలుపెట్టి, వీలైతే సముద్రం దాకా వెళ్లాలని. బ్రస్సెల్స్ నుంచి రైల్లో గంట. స్టేషన్ నుంచి కాస్త నడిస్తే చాలు, మిన్నెవాటర్ సరస్సు.

రైయెను నది అంటే మా ఆయన ఒప్పుకోలేదు. ఆయనది బందరు. "మన పంటకాలువంత కూడా లేదు, దీనికి నది అని పేరొకటి" అన్నారు. చూడ్డానికి నిజంగా అంతే. అయినా ఐదారు వందల ఏళ్ల కిందట ఉత్తర ఐరోపా వ్యాపారమంతా ఈ నీటి గట్టునే లెక్క చూసుకునేది. 1277లో జెనోవా ఓడలు జిబ్రాల్టర్ చుట్టి వచ్చాక ఇంగ్లండు ఉన్ని, బాల్టిక్ తీరపు బొచ్చుతోళ్లు, బోర్డో ద్రాక్షసారా, తూర్పుదేశాల సుగంధ ద్రవ్యాలు ఇక్కడే చేతులు మారాయి.

మిన్నెవాటర్‌ను ఇప్పుడు ప్రేమసరస్సు అని అమ్ముతున్నారు. కొత్త జంటలు వంతెన మీద నిలబడి ఫొటోలు దిగుతుంటారు. అసలు ఇది నీటిని నిలవ చేసి మట్టం అదుపులో పెట్టడానికి వాడుకున్న చెరువు. ఒక కొసన తూము ఇల్లు, ఇంకో కొసన 1398లో కట్టిన కాపలా బురుజు ఇంకా ఉన్నాయి. ఒడ్డున హంసల గుంపు. వాటికి ఓ కథ ఉంది. 1488లో పన్నుల మీద మండిపడ్డ ఊరివాళ్లు తమ పాలకుడు మాక్సిమిలియన్‌ను పట్టుకుని బంధించారు. ఆయన నమ్మినబంటు పీటర్ లాంఖాల్స్ తల నరికించారు. ఆ లాంఖాల్స్ వంశచిహ్నం హంస. అందుకే ఈ ఊరు ఎల్లకాలం హంసలను మేపాలని మాక్సిమిలియన్ శిక్ష వేశాడట. ఇది కథ. ఆయన నిజంగా వేసిన శిక్ష వేరే ఉంది, దాని జాడ దిగువన కనిపిస్తుంది.

సరస్సు దాటగానే ఎడమ పక్కన బెఖైన్‌హోఫ్. 1245లో ఫ్లాండర్స్ పాలకురాలు మార్గరెట్ చేతి మీదుగా నెలకొన్న స్త్రీల వాడ. ఇక్కడ బతికినవాళ్లు సన్యాసినులు కారు. పెళ్లి చేసుకోకుండా, మొగుడి చాటునా మఠం చాటునా లేకుండా, సొంత కష్టం మీద బతికినవాళ్లు. కావాలనుకుంటే వెళ్లిపోయి పెళ్లి చేసుకోవచ్చు. 1927 నుంచి ఇక్కడ బెనెడిక్టైన్ సన్యాసినులు ఉంటున్నారు. సున్నం వేసిన తెల్లటి ఇళ్లు, మధ్యలో ఆకు రాలిన పొడవాటి చెట్లు. చలికాలంలో కొమ్మలు అడ్డం లేక ఇళ్లన్నీ ఒక్క చూపులో అందుతాయి.

అక్కణ్ణుంచి నీరు డి హాల్వె మాన్ అనే సారాయి బట్టీ వెనకగా సాగుతుంది. 1856 నుంచి ఒకే కుటుంబం బీరు కాస్తున్న చోటు. సీసాల్లో నింపే కర్మాగారం ఊరి బయట ఉంది. పాత రాళ్ల వీధుల్లో ట్యాంకర్లు తిప్పలేక, 2016లో నేల కింద మూడు కిలోమీటర్ల పైచిలుకు గొట్టం వేసి బీరు పంపిస్తున్నారు. సరుకు కోసం కాలువలు తవ్వుకున్న ఊరు, నీటిదారి సందర్శకులపాలైన కాలంలో బీరుకు వేరే కాలువ వేసుకుందన్నమాట.

తర్వాత సెయింట్ జాన్ ఆస్పత్రి. దాని ఇటుక గోడ నేరుగా నీళ్లలోంచి లేస్తుంది. 12వ శతాబ్దపు ఈ వైద్యశాల కోసమే హాన్స్ మెమ్లింగ్ 1489లో సెయింట్ ఉర్సులా పేటికకు బొమ్మలు వేశాడు. పేటిక ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఎదురుగా అవర్ లేడీ చర్చి, 115 మీటర్ల ఇటుక గోపురం. లోపల మైకెలాంజెలో చెక్కిన పాలరాతి తల్లీబిడ్డ. బ్రూజ్ బట్టల వర్తకులు కొని తెచ్చుకున్నది. ఫ్రెంచి విప్లవ సేనలు ఒకసారి ఎత్తుకుపోతే తిరిగొచ్చింది. 1944లో నాజీలు పరుపుల్లో చుట్టి పట్టుకుపోతే, మరుసటి ఏడాది ఆస్ట్రియాలోని ఆల్టౌసే ఉప్పుగనిలో దొరికింది. ఆ తల్లి బిడ్డ వైపు చూడదు, కిందికి, పక్కకు చూస్తుంది. మా ఆయన చాలాసేపు అక్కడే నిలబడి, "కొడుకు దిగి పరిగెత్తబోతున్నాడని తెలుసు ఆవిడకి" అన్నారు. నేను చదివిన వ్యాఖ్యానాలన్నిటికంటే ఆ మాటే నచ్చింది.

చర్చి వెనక బోనిఫాసియస్ వంతెన. నాచు పట్టిన రాళ్లు, పక్కన నీళ్ల మీదికి వంగిన చెక్క ఇళ్లు. ఊళ్లో ఇంతకంటే పాతది ఉండదనిపిస్తుంది. కట్టింది 20వ శతాబ్దం మొదట్లో! వాటర్లూ యుద్ధభూమి చూడ్డానికి వచ్చిన ఇంగ్లీషువాళ్లు దారిలో బ్రూజ్ చూసి ముచ్చటపడ్డాక, ఊరు తన పాతదనాన్ని తానే సరిదిద్దుకుంది. జార్జ్ రోడెన్‌బాఖ్ 1892లో రాసిన నవల ఈ ఊరిని 'మృతనగరం' చేసి, భార్య పోయిన మనిషిని ఈ గట్ల మీద తిప్పింది. ఊరివాళ్లకు కోపం వచ్చింది, యాత్రికులు మాత్రం పెరిగారు.

డైవర్ గట్టు దాటి రోజెన్‌హూడ్‌కాయ్ చేరేసరికి దీపాలు వెలిగించారు. ఈ అక్షాంశంలో డిసెంబరులో సాయంత్రం ఐదు కాకుండానే చీకటి. పోస్టుకార్డుల మీద కనిపించే మలుపు ఇదే. నీళ్లలో ఇటుక ఇళ్లు, వెనకాల గంటల గోపురం. ఒకప్పుడు ఉప్పు పడవలు సరుకు దించిన రేవు. దగ్గర్లో ఓ చోట బూడిదరంగు చిన్న రొయ్యలతో చేసిన క్రోకెట్లు వేడివేడిగా తిన్నాం. రొయ్య విషయంలో బందరువాళ్లను మెప్పించడం కష్టం. మా ఆయన రెండోసారి తెప్పించుకున్నారు, కారం లేదని సణుగుతూనే.

ఇక్కడి నుంచి నీటి జాడ పట్టుకోవడం కష్టం. మార్కెట్ కూడలిలో 83 మీటర్ల గంటల గోపురం, దాని కింద బంగాళాదుంప వేపుళ్ల ఆకుపచ్చ బండ్లు ఉన్నాయిగాని నీళ్లు లేవు. ఒకప్పుడు రైయె ఈ కూడలి అంచు దాకా వచ్చేది. నీటి మీదే కట్టిన పెద్ద సావడిలోకి పడవలు దూరి, వానలో తడవకుండా బేళ్లు దించేవి. 1787లో ఆ సావడి కూలగొట్టారు. ఆ పాయ మీద కప్పు వేసి పైన వీధులు పరిచారు. నీరు మళ్లీ బయటపడేది యాన్ వాన్ ఐక్ కూడలి దగ్గర. చిత్రకారుడి విగ్రహం, పక్కన 15వ శతాబ్దపు సుంకాల ఇల్లు. దారిలో పెద్ద కొయ్య క్రేన్ ఉండేదట. దాని చక్రం లోపల మనుషులు నడుస్తుంటే ద్రాక్షసారా పీపాలు పైకి లేచేవి.

మాక్సిమిలియన్ అసలు శిక్ష అర్థమయ్యేది ఇక్కడే. జెనోవావాళ్లు, ఫ్లోరెన్సువాళ్లు, హన్సా వర్తకులు, స్పెయిన్‌వాళ్లు ఈ చుట్టుపక్కలే కోఠీలు పెట్టుకున్నారు. విడుదలయ్యాక ఆయన, బ్రూజ్ వదిలి ఆంట్వెర్ప్ వెళ్లమని ఆ వర్తకులకు తాఖీదు ఇచ్చాడు. వెళ్లిన కొందరు తిరిగొచ్చారు, కానీ వ్యాపారం అటు మొగ్గనే మొగ్గింది.

మరునాడు ఉదయం లాంగెరై వెంట ఉత్తరానికి నడిచాం. యాత్రికులు పలచబడి, కిటికీల్లో పూలకుండీలూ గుమ్మాల్లో సైకిళ్లూ కనిపించే భాగం ఇది. డాంపోర్ట్ దగ్గర ఊరు అయిపోతుంది, డామె కాలువ మొదలవుతుంది. రెండు పక్కలా గాలికి ఒకే వైపు వాలిన పోప్లార్ చెట్ల మధ్య గీత గీసినట్టు పోతుంది. ఇది రైయె కాదు. నెపోలియన్ స్పెయిన్ యుద్ధఖైదీల చేత తవ్వించిన కాలువ. ఇంగ్లీషు నౌకాదళం కంట పడకుండా సరుకు నడపాలని ఆయన ఆలోచన. పని పూర్తికాకముందే ఆయన ఏలుబడి పోయింది.

డామె ఇప్పుడు పుస్తకాల దుకాణాల పల్లె. 1134లో పెద్ద తుపాను తీరాన్ని కోసి జ్విన్ అనే పాయను తెరిస్తే, దాని కొసన 1180లో పుట్టిన రేవు ఇది. పెద్ద ఓడలు బ్రూజ్ దాకా వచ్చేవి కావు. ఇలాంటి రేవుల్లో సరుకు చిన్న పడవల్లోకి మారేది. 1468లో బుర్గుండీ పాలకుడు చార్లెస్, ఇంగ్లండు రాజు చెల్లెలు మార్గరెట్ పెళ్లి ఇక్కడే జరిగింది. తర్వాత ఊరు చిక్కిపోయింది. ఖర్చు భరించలేక 18వ శతాబ్దంలో చర్చి నడిభాగాన్ని పడగొట్టేశారు. గోపురం ఒకచోట, మిగిలిన చర్చి ఒకచోట, నడుమ ఆకాశం.

మధ్యాహ్నం క్నోకె దాకా రైలు, అక్కణ్ణుంచి టాక్సీలో జ్విన్. 1340లో ఇంగ్లీషు రాజు మూడో ఎడ్వర్డ్ ఫ్రెంచి నౌకాదళాన్ని ఓడించిన యుద్ధం ఈ పాయలోనే జరిగింది. అప్పటి నీళ్లలో చాలా భాగం ఇప్పుడు పొలాలు. మిగిలింది ఉప్పు పర్ర, పక్షుల సంరక్షణ కేంద్రం.

బ్రూజ్‌ను ఒండ్రు చంపిందని అందరూ చెబుతారు. సగమే నిజం. పోటు నీరు లోపలికి వచ్చి, పాటులో వెనక్కి పోతూ పాయ అడుగును కడిగేది. మనుషులు అంచుల్లో గట్లు వేసి పర్రను పొలాలు చేసుకున్నకొద్దీ లోపలికొచ్చే నీరు తగ్గింది, కడిగే బలం తగ్గింది, మట్టి నిలిచింది. పైన మాక్సిమిలియన్ తాఖీదు. పాయను పూడ్చడంలోనూ వర్తకులను తరమడంలోనూ మనుషుల చెయ్యి ఉంది. పేరు మాత్రం మట్టికి వచ్చింది. బీదరికం వచ్చింది కాబట్టి పాత ఇళ్లు పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేకపోయింది. నేడు చూసి మురిసేది ఆ లేమినే.

ఆంట్వెర్ప్ 1585లో స్పెయిన్ సేనలకు లొంగాక అక్కడి వర్తకులెందరో ఆమ్‌స్టర్‌డామ్ చేరారు. 1602లో అక్కడ పుట్టిన డచ్చి కంపెనీ, 1605-06 నాటికి బందరులో కోఠీ పెట్టింది. మా ఆయన ఊరికీ ఈ ఊరికీ నడుమ సరుకుల దారి ఇలా ఉంది. బందరు కూడా తర్వాత మేట వేసుకుంది, 1864 తుపానులో వేలమందిని పోగొట్టుకుంది.

"ఒండ్రు అని మావాళ్లూ అంటారు. మద్రాసు రేవు పెరగడం సంగతి ఎవరూ ఎత్తరు" అన్నారాయన, తిరుగు రైల్లో.

బ్రూజ్ మళ్లీ రేవు కట్టుకుంది. 1907లో జేబ్రుగె ప్రారంభమైంది, ఇవాళ అక్కడ కార్లు ఓడలకెక్కుతాయి. 2022లో ఆ రేవు ఆంట్వెర్ప్‌తో కలిసి ఒకే సంస్థ అయింది. ఐదు వందల ఏళ్ల కిందట వర్తకులను లాక్కున్న ఊరితోనే ఇప్పుడు వాటాదారు. ఈ మాట చెబితే మా ఆయన, మంగినపూడి దగ్గర కొత్త రేవు పనులు ఎంతదాకా వచ్చాయో కనుక్కోవడానికి బందరుకు ఫోన్ కలిపారు.