బురదలో దిగబడిన జీపు

పిల్లలూ! జీపు బురదలో దిగబడితే ఏం చేయాలి? "ఇంజనును ఇంకా గట్టిగా నడపాలి" అంటారు కాబోలు. అలా చేస్తే ఏమవుతుందో చెబుతాను, వినండి.

2013 జూలైలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. తెల్లవారితే పోలింగు. ఓటు పెట్టెలతో మేము జీపులో పోతున్నాము. వాన కురిసిన నల్లరేగడి దారిలో జీపు కాస్తా దిగబడింది. వెనుక ఎడమ చక్రం గిర్రున తిరుగుతున్నది; కుడి చక్రం కదలనే లేదు! డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, చక్రాలన్నీ చూశాడు.

ఎందుకిలా జరిగింది? బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్న ఎక్కువ దూరం పోవాలి. అందుకని రెండింటి నడుమ డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. అది రెండు చక్రాలకూ సమానమైన బలమే ఇస్తుంది. బురదలో పట్టులేని చక్రం కొద్దిపాటి బలానికే తిరిగిపోతుంది. గట్టినేల మీది చక్రానికి దక్కేదీ ఆ కొద్దిపాటి బలమే! ఇంజను ఎంత అరచినా, జారే చక్రం గొయ్యి తవ్వుతుందేగాని బండి కదలదు.

డ్రైవరు జారే చక్రం కింద కొమ్మలూ, రాళ్ళూ వేశాడు. రాయి ఎగిరి తగలవచ్చునని మమ్మల్ని దూరంగా నిలబడమన్నాడు. తరువాత ముందు చక్రాలకు కూడా బలం అందించే మీట వేశాడు. 1941లో అమెరికా సైన్యానికి తయారైన విల్లీస్ జీపుల్లోనే అటువంటి మీట ఉండేది. జీపు మెల్లగా గట్టెక్కింది.

సైకిలు మొరాయించినా, లెక్క తెగకపోయినా, ముందు ఆగి చూడండి. లోపం ఎక్కడున్నదో తెలిస్తే కొంచెం బలమే చాలు!