తీసేటప్పుడు బాగానే కనిపించిందే!

స్కూల్ ప్రోగ్రాం అయిపోగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఫోన్‌లో గ్యాలరీ తెరవడం. తెరిచాక చాలామంది నోట వచ్చే మాట కూడా ఒకటే: "తీసేటప్పుడు బాగానే కనిపించిందే!" పాప మొహానికి పక్కనున్న పిల్లవాడి చెయ్యి అడ్డం వచ్చి ఉంటుంది. లేదా కళ్లు మూసుకుని ఉంటుంది. లేదా వెనకనున్న మైకు స్టాండు సరిగ్గా తలలోంచి మొలిచినట్టు కనిపిస్తుంది. ఫోన్ మంచిది కాదనుకుంటాం, చెయ్యి కదిలిందనుకుంటాం. నిజానికి మనం చూసే కిటికీకీ, చివరికి చేతికొచ్చే ఫొటోకీ మధ్య ఈ తేడా కెమెరా పుట్టినప్పటి నుంచీ ఉంది.

ఈ సంగతి మా ఇంట్లో ఒక పాత ఫొటో వల్ల చర్చకు వచ్చింది. మా నాయనమ్మకు ఉన్నది ఒక్కటే ఫొటో. 1978లో సద్దుల బతుకమ్మ రోజు, హన్మకొండలోని మా పాత ఇంటి ముందు, దోస్తు దగ్గర అడిగి తెచ్చిన పెట్టె కెమెరాతో మా నాన్న తీశాడు. పేర్చిన బతుకమ్మ పక్కన నాయనమ్మ కూర్చుని ఉంటుంది. మొహం స్పష్టంగానే ఉంది కానీ, తల పైభాగం నాలుగు వేళ్ల మేర ఫ్రేమ్ బయటికి పోయింది. దాన్ని పెద్దది చేయించి గోడకు పెడదామని ఒక షాపుకు తీసుకెళ్లాం. "తల కంప్యూటర్‌లో పూర్తి చేసి, కలర్ కూడా వేసిస్తా సార్. చీర ఏ రంగు పెట్టమంటారు?" అని అడిగాడు షాపతను.

ఇంటికి రాగానే ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి వాళ్ల తాతయ్యను నిలదీసింది. "తల కనబడకుండానే ఎట్ల తీసినవ్ తాతయ్యా?"

"నాకైతే పువ్వుతో సహా కనబడ్డది బిడ్డా" అన్నాడు నాన్న.

అమ్మాయి నమ్మలేదు. ఫొటో ఎదురుగా ఉంది మరి. తాతయ్య ఏదో మర్చిపోయి చెబుతున్నాడని అనుకుంది. ఆ మాట పైకి అనలేదు కానీ, ఆయనకు అర్థమైంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తాత చెప్పిందీ నిజమే, ఫొటోలో ఉన్నదీ నిజమే. ఆ రెండూ ఎలా నిజమవుతాయో తెలియాలంటే ఒక చిన్న పని చేస్తే చాలు. బొటనవేలు మొహానికి జానెడు దూరంలో పెట్టి, ఒకసారి ఎడమ కన్ను, ఒకసారి కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. అదే వేలిని చెయ్యి చాపి దూరంగా పెట్టి చూస్తే తక్కువ జరుగుతుంది. పాత పెట్టె కెమెరాకూ ఇలాగే రెండు కళ్లు. మనం చూసే వ్యూఫైండర్ పైన ఉంటుంది, ఫిల్మ్ మీద బొమ్మ వేసే లెన్స్ దాని కింద ఉంటుంది. దూరంగా ఉన్న గుట్టనో, గుడినో తీస్తే రెండూ ఇంచుమించు ఒకటే చూస్తాయి. మనిషిని దగ్గరగా తీస్తే మాత్రం పైకన్ను చూసిన తలను కిందికన్ను పూర్తిగా చూడలేదు. దీన్ని పారలాక్స్ అంటారు. పాత ఆల్బమ్‌లలో తలలు తెగిన ఫొటోలు ఉండటానికి ఇదొక కారణం.

అంతకుముందు సంగతి ఇంకా వింత. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంలో కెమెరా అంటే స్టాండు మీద నిలబెట్టిన పెద్ద చెక్కపెట్టె. నల్లగుడ్డ కప్పుకుని, వెనకనున్న గరుకు గాజుపలక మీద బొమ్మ చూసుకోవాలి. అది కూడా తలకిందులుగా, కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. అంతా సరిచూసుకున్నాక ఆ స్థానంలో రసాయనం పూసిన ప్లేటు పెట్టాలి. ఇక గాజు మీద ఏమీ కనిపించదు. ఫొటో పడే క్షణంలో కెమెరా లోపల ఏం జరుగుతోందో తీసేవాళ్లకు తెలియదు.

తర్వాత వచ్చిన ఎస్ఎల్ఆర్ కెమెరాలు ఒకే లెన్స్‌తో చూపించి, ఒకే లెన్స్‌తో తీశాయి. లోపల ఒక అద్దం బొమ్మను మన కంటికి పంపుతుంది. తక్కువ ధర మోడళ్లలో చాలావాటి వ్యూఫైండర్ ఫొటోలో పడేదానిలో దాదాపు 95 శాతమే చూపిస్తుంది. అందుకే మనం చూడని చెత్తబుట్ట ఒక మూల ప్రత్యక్షమవుతుంది. పైగా బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, కంటికి క్షణకాలం చీకటి. ఆ చీకట్లోనే ఫొటో పడుతుంది.

ఇప్పటి ఫోన్‌లో తెర మీద కనిపించేది అప్పటికప్పుడు చూపించే నమూనా. నొక్కాక ఫోన్ చాలాసార్లు కొన్ని ఫ్రేములు కలిపి, చీకటిని వెలిగించి, రంగులు దిద్ది మనకిస్తుంది. సెల్ఫీలో అయితే తెర మీద అద్దంలో చూసుకున్నట్టు కనిపిస్తాం. కొన్ని ఫోన్లు సేవ్ చేసేటప్పుడు దాన్ని తిప్పేస్తాయి. మన మొహమే మనకు కొత్తగా అనిపించేది అందుకే.

కిటికీ ఎంత సరిగ్గా ఉన్నా, కన్ను వేరు, కెమెరా వేరు. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయి స్తంభాల గుడి లోపల నిలబడి చూడండి. నల్లరాతి స్తంభాల నీడలోని చెక్కడాలూ కనిపిస్తాయి, బయట ఎండలో నందీ కనిపిస్తుంది. మన కన్ను నీడ దగ్గర ఒకలా, ఎండ దగ్గర ఒకలా సర్దుకుంటూ చూస్తుంది. కెమెరా ఒక్కసారికి రెండింటినీ పట్టుకోలేక బయటంతా తెల్లగానో, లోపలంతా నల్లగానో చేసేస్తుంది. ఇక మనసు సంగతి చెప్పక్కర్లేదు. స్టేజీ మీద ముప్పై మంది పిల్లలుంటే అమ్మకు ఒక్కరే కనిపిస్తారు. కెమెరాకు ముప్పై మందీ కనిపిస్తారు, మైకు స్టాండుతో సహా.

ఇదంతా వేలు పెట్టి చూసుకుని, అర్థం చేసుకున్నాక మా అమ్మాయి మళ్లీ తాతయ్య దగ్గర కూర్చుంది. ఈసారి ఆమె అడిగిన ప్రశ్న వేరు. "ఆ డబ్బాలోంచి నీకు ఇంకేం కనబడ్డది?"

నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. చీర గుమ్మడిపువ్వు రంగు. ఆ రోజు తీసింది బ్లాక్ అండ్ వైట్ రోలు కాబట్టి, ఆ రంగు ఆయన ఒక్కడికే తెలుసు. తలలో ముద్దబంతి పువ్వు. బతుకమ్మలో తంగేడు కింద, గునుగు పైన. "ఎండల ఎంతసేపురా, జల్ది కానీ" అని ఆమె విసుక్కుంటుంటే బటన్ నొక్కాడట. రోలుకు పన్నెండు ఫొటోలు. అవన్నీ అయిపోయి, కడిగించి, ప్రింటు చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటింది. నాయనమ్మ దాన్ని చూసి, "మొహం ఉన్నది గదా, చాలు" అందట.

నలభై ఏళ్లకు పైగా ఆ ఫొటో మా ఇంట్లో ఉంది. ఈ సంగతుల్లో ఒక్కటి కూడా నాకు తెలియదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

షాపతనికి తల పూర్తి చేయొద్దని చెప్పాం. కంప్యూటర్ పెట్టే పువ్వు ఆమెది కాదు కదా. ఉన్నది ఉన్నట్టే పెద్దది చేయించాం. తాతయ్య చెప్పినవన్నీ మా అమ్మాయి ఒక కాగితం మీద తెలుగులో రాసి, ఫ్రేము వెనక అంటించింది. ఒకటి రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. దిద్దకుండా అలాగే ఉంచాం.

మన ఫోన్లలో పిల్లల ఫొటోలు వేలల్లో ఉన్నాయి. తీసేటప్పుడు మనం ఏం చూశామో వాటిలో ఉండదు. ఆ పూట జ్వరం తగ్గీ తగ్గకుండానే పాప స్టేజీ ఎక్కిందని, బాబు స్టెప్పు మర్చిపోయి పక్కవాణ్ణి చూసి నవ్వాడని ఫొటో చెప్పదు. నెలకు ఒక్క ఫొటో ప్రింటు తీయించి, వెనక రెండు వాక్యాలు రాయండి. పిల్లలు తీసినవాటికి వాళ్లనే రాయమనండి.

ఇంట్లో పాత ఫొటోలుండి, వాటిని తీసినవాళ్లు మన మధ్యే ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి. వచ్చే సెలవుల్లో ఒక పూట పిల్లల్ని వాళ్ల పక్కన కూర్చోబెట్టి, ఒక్కో ఫొటో చేతికిచ్చి, "తీసేటప్పుడు నీకేం కనబడ్డది?" అని అడగమనండి.

— 8వ తరగతి విద్యార్థిని తండ్రి, హన్మకొండ