సగటు చాటున పెట్రోలు

ఒక మాట అడుగుతాను, చెప్పండి. గాలనుకు 50 మైళ్లిచ్చే ప్రియస్ హైబ్రిడ్ కారును అమ్మిన టొయోటాయే, అదే రోజుల్లో 5.7 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో గాలనుకు 15 మైళ్లిచ్చే టండ్రా పికప్పునూ ఎందుకు అమ్మినట్టు?

చిన్న బండి పేరు కోసం, పెద్ద బండి డబ్బు కోసం అంటారు చాలామంది. అందులో నిజం ఉంది. అమెరికాలో పికప్పుల మీద, పెద్ద ఎస్‌యూవీల మీద మిగిలినంత చిన్న కార్ల మీద మిగలదు. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచి అక్కడి పికప్పుల అమ్మకాల్లో మొదటి స్థానం వదల్లేదు. అంత గిరాకీ ఉన్న సరుకును ఏ వ్యాపారి మానుకుంటాడు? అయితే అసలు కీలకం చట్టంలో ఉందండీ.

1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. అమెరికాలో బంకుల ముందు కార్లు బారులు తీరాయి. దాంతో 1975లో మైలేజీ చట్టం వచ్చింది. ప్రతి బండీ ఇంత ఇవ్వాలని అది అనలేదు. కంపెనీ అమ్మిన బండ్ల సగటు ఇంత ఉండాలంది. కార్లకు 1985 నాటికి 27.5 మైళ్లు. పికప్పుల్లాంటి ట్రక్కులకు వేరే ఖాతా, తక్కువ లక్ష్యం. 1978లో పెట్రోలు తాగే బండ్ల మీద పన్ను వేశారు, అదీ 22.5 మైళ్లకు తక్కువిచ్చే కార్ల మీదే. పికప్పులూ ఎస్‌యూవీలూ తప్పించుకున్నాయి. 2011 మోడళ్ల నుంచి కార్ల ఖాతాలో లక్ష్యాన్ని మించినందుకు మిగిలిన క్రెడిట్లను కొంతమేర ట్రక్కుల ఖాతాకు మార్చుకునే వీలూ కలిగింది. ఉమ్మడి కుటుంబంలో తమ్ముడు మిగిల్చింది అన్న ఖర్చుపెట్టినట్టే ఇది. మీరు హైబ్రిడ్ కొని మిగిల్చిన పెట్రోలు, సగటు గీత మీద నడిచే కంపెనీకి ఇంకో పెద్ద బండి అమ్ముకునే వెసులుబాటు అవుతుంది.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. రెండు బండ్లూ 600 మైళ్లు తిరిగాయనుకుందాం. ప్రియస్‌కి 12 గాలన్లు, టండ్రాకి 40. ప్రియస్‌ను ఎంతో కష్టపడి 50 నుంచి 60 మైళ్లకు తెచ్చారనుకోండి, మిగిలేది 2 గాలన్లు. టండ్రాను 15 నుంచి 20కి తెస్తే 10 గాలన్లు మిగులుతాయి! పొదుపు చేయవలసింది ఎక్కువ తాగే బండిలోనే. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో దాచడం కదా హైబ్రిడ్ చేసే ఒక ముఖ్యమైన పని? బండి బరువు పెరిగేకొద్దీ అలా పట్టుకోగలిగిన శక్తీ పెరుగుతుంది. ఈ మార్పు కొంత మొదలైంది కూడా. 2022 మోడల్ టండ్రాలో ఎనిమిది సిలిండర్ల ఇంజను పోయింది, హైబ్రిడ్ కూడా దొరకసాగింది. అమెరికాలో మన తెలుగు కుటుంబాలకు బాగా తెలిసిన సియెన్నా వ్యాను 2021 నుంచి హైబ్రిడ్‌గా మాత్రమే దొరుకుతోంది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ సంగతి వేరు. అందులో చార్జింగ్ చేసుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజను రెండూ ఉంటాయి. రోజూ రాత్రి ప్లగ్గు పెట్టి ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి పెట్రోలు ఖర్చు దాదాపు ఉండదు. ప్లగ్గు పెట్టకపోతే బ్యాటరీ బరువు మోస్తూ ఇంజనే లాగాలి. ఐరోపాలో రోడ్ల మీది లెక్కలు తీస్తే, ఈ బండ్లు వదిలే కార్బన్ డయాక్సైడు పరీక్షలో చూపినదానికి సగటున మూడున్నర రెట్లని 2024లో యూరోపియన్ కమిషన్ తేల్చింది. అక్కడి చట్టానికి లెక్కకొచ్చింది మాత్రం పరీక్షలో వచ్చిన అంకే.

మన దగ్గరా సగటు లెక్కే. 2022-23 నుంచి కంపెనీ సగటు కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడు దాటకూడదు. కరెంటు కారు ఒకటి అమ్మితే ఆ లెక్కలో మూడుగా చూస్తారు. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీలో క్యారెన్స్ క్లావిస్ పేరుతోనే పెట్రోలు, డీజిలు, కరెంటు బండ్లు ఎందుకు తయారవుతున్నాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

అలాగని సగటు పద్ధతిని తీసిపారేయకూడదు. కొత్త సాంకేతికతకు అదీ ఊతమిచ్చింది. కానీ 2025 జులైలో అమెరికా తన మైలేజీ చట్టం కింద వేసే జరిమానాను సున్నా చేసింది. ఇక కంపెనీని కదిలించేది కొనేవాళ్లే. అక్కడ టొయోటా క్యామ్రీ కారును 2025 మోడల్ నుంచి హైబ్రిడ్‌గా మాత్రమే అమ్మడం చూస్తే, వాళ్ల మాట చెల్లుతుందనే నాకు నమ్మకం కలుగుతోంది.

అందుకని ఈసారి బండి కొనేటప్పుడు లీటరుకు ఎంత అని కాకుండా, వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని అడగండి. ఏడు సీట్ల పెద్ద బండే కావాలంటే, అందులో హైబ్రిడ్ ఉందా అని గట్టిగా అడగండి. పెట్రోలు ఎక్కువ మిగిలేది అక్కడే.