ఆ మాటకు పుంలింగం లేదు

మా దెగ్లూరులో మూడు భాషలు నడుస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ మరాఠీ, బజారులో అవసరాన్నిబట్టి ఉర్దూ. 1956లో హైదరాబాదు రాష్ట్రాన్ని విడదీసినప్పుడు నాందేడ్ జిల్లాతోపాటు మనం బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి వచ్చాము. ఈ మూడు భాషల మధ్య అప్పుడప్పుడు పేచీలున్నా ఒక విషయంలో మాత్రం పూర్తి ఏకాభిప్రాయం ఉంది. పిల్లలు కలగని స్త్రీని తెలుగులో గొడ్రాలు అంటారు, మరాఠీలో వాంఝ, ఉర్దూలో బాంఝ్. మగవాడికి సాటి మాట ఈ మూడింటిలోనూ వాడుకలో వినలేదు. 'నిస్సంతు' ఉంది గాని అది వంశం సంగతి చెబుతుంది, ఒంటి సంగతి చెప్పదు. 'నపుంసకుడు' అంటే అది వేరే లోపం. నేను బి.కాం. చదివినవాణ్ణి, వ్యాకరణం నా విద్య కాదు. కానీ చిట్టాలో ఒకవైపే రాసి రెండోవైపు ఖాళీగా వదిలితే అనుమానించడం నా ఉద్యోగం.

బంగారం మీద అప్పు కోసం వచ్చేవాళ్ళను ఎందుకని అడుగుతాం. విత్తనాలకు, పెళ్ళికి, కాలేజీ ఫీజుకు, దవాఖానకు అంటారు. ఈ దవాఖాన ఖర్చులో పిల్లల కోసం తిరిగే ఖర్చు ఈమధ్య తరచుగా వినబడుతోంది. నాందేడుకు కొందరు, హైదరాబాదుకు కొందరు తిరుగుతారు. తాకట్టుకు వచ్చేవి ఆమె నగలు. సూదులు ఆమెకు, పథ్యం ఆమెకు, ఉపవాసాలూ ఆమెకే.

ఒక జంట సంగతి చెబుతాను. ఊరు, కులం, తూకం చెప్పను, బ్యాంకువాడికి గోప్యత ధర్మం. పెళ్ళయి ఆరేళ్ళు. అప్పటికి మూడోసారి తాకట్టు. అమ్మాయి వెంట అత్తగారు వచ్చింది. ఆమె చెడ్డ మనిషి కాదు, బెంగపడిన మనిషి.

"ఏది తినొద్దంటే అది బంద్ జేసినం సారూ. నువ్వులు వేడని బంద్, బెల్లం బంద్. వటపౌర్ణిమకు మర్రి చుట్టు తిరిగింది. ఇంకేం జెయ్యాలె?"

"మీ కొడుకుకు పరీక్ష చేయించిండ్రా అమ్మా?" అన్నాను.

"వానికేమైంది సారూ? గట్టిగ ఉన్నడు గదా!"

గట్టిగా ఉన్న ఆ కొడుకు బయట టపరీ దగ్గర అరచేతిలో తంబాకు నలుపుతున్నాడు. మొదట వెళ్ళిన చోట రెండేళ్ళపాటు అతణ్ణి లోపలికి పిలవనే లేదట. కోడలు మాత్రం తల వంచుకొని కాగితాల మీద సంతకాలు చేస్తూ ఉంది.

లోకంలో ప్రతి ఆరుగురు పెద్దవాళ్ళలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను చూస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. అలాంటి జంటల్లో సుమారు సగంమందిలో మగవాడి వైపున కూడా కారణం ఉంటుందని డాక్టర్లు చెబుతారు. ఆడవాళ్ళకు చేసే పరీక్షలు అనేకం, కొన్ని నొప్పితో కూడినవి. మగవాడికి మొదటి పరీక్ష ఒక్కటే. రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండి ఒక చిన్న డబ్బాలో నమూనా ఇస్తే చాలు, కత్తి లేదు, సూది లేదు. (ఇది సాహిత్య పత్రిక అని నాకు తెలుసు. సంపాదకులు కత్తెర వేయరనే నమ్మకంతో రాస్తున్నాను.) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షల వీర్యకణాలు కింది హద్దు. హద్దు కంటే తగ్గితే పిల్లలు కలగరని కాదు, ఆలస్యం కావచ్చు, కారణం వెతకాలి. ఆ లెక్కకూ మగతనానికీ సంబంధం లేదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే మన మగవాళ్ళు ఆ గది గుమ్మం తొక్కరు.

సహజంగా ఏం చేయవచ్చు అంటే, మగవాడి వైపు చేయగలిగింది చాలా ఉంది. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు, బయటికి వచ్చే నాటికి మూడు నెలలు. మా భాషలో ఒక క్వార్టర్. ఈ రోజు మానిన అలవాటు ఫలితం వచ్చే క్వార్టర్ లెక్కల్లోనే కనబడుతుంది, వారం రోజులకే అడగకూడదు. వృషణాలకు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీల చల్లదనం కావాలి. కొలిమి దగ్గర, ఇటుకబట్టీ దగ్గర పనిచేసేవాళ్ళకూ, రోజంతా లారీ నడిపేవాళ్ళకూ ఇది గుర్తుచేయాలి. బీడీ, సిగరెట్టు, నమిలే పొగాకు, అతిగా తాగడం, ఇవన్నీ లెక్కను దెబ్బతీసేవే. మహారాష్ట్రలో గుట్కాను 2012లో నిషేధించారు. సరిహద్దు తాలూకాలో ఉన్నవాళ్ళకు ఆ నిషేధం గురించి నేను వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు కొత్తగా కసరత్తు శాలల్లో కండల కోసం హార్మోను సూదులు వేసుకుంటున్నారు. బయటినుంచి ఆ హార్మోను వస్తే ఒంట్లో వీర్యకణాల తయారీ ఆగిపోయే ప్రమాదం ఉంది. అద్దంలో మాత్రం మనిషి గట్టిగానే కనబడతాడు!

ఆడవాళ్ళ తిండి విషయానికి వస్తే, అమెరికాలో పదిహేడున్నర వేలమంది నర్సులను ఏళ్ళ తరబడి గమనించి హార్వర్డ్ పరిశోధకులు 2007లో ఫలితాలు చెప్పారు. డాల్డా వంటి కొవ్వులు తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా పప్పుల నుంచి తీసుకుని, పొట్టు తీయని ధాన్యం తిన్నవాళ్ళలో అండం విడుదల కాని చిక్కు తక్కువగా కనబడిందట. అంటే మన జొన్నరొట్టె, కందిపప్పు, మెంతికూరే. నువ్వులూ బెల్లమూ ఎందుకు బంద్ చేయించారో నాకు అర్థం కాలేదు. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువైనవాళ్ళు నూటికి ఐదు నుంచి పది పాళ్ళు బరువు తగ్గితే కొందరికి నెలసరి దారిలో పడుతుంది. గర్భం కోరేవాళ్ళు ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వేసుకోవడం బిడ్డ వెన్నెముకకు రక్ష. నెలలో గర్భం నిలిచే అవకాశం అండం విడుదలైన రోజూ, దానికి ముందు ఐదు రోజులూ అని 1995లోనే తేల్చారు. తిథి వార నక్షత్రాలు చూసే ఇళ్ళలో ఈ ఆరు రోజుల లెక్క ఎవరూ చెప్పరు.

డబ్బాల్లో అమ్మే పొడుల గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 2,370 జంటల్లో మగవాళ్ళకు ఫోలిక్ ఆమ్లం, జింకు ఇచ్చి చూస్తే వీర్యంలోనూ పుట్టిన పిల్లల సంఖ్యలోనూ లాభం కనబడలేదని 2020లో ప్రచురించారు. వెయ్యి రూపాయల పొడి కొనేముందు పది రూపాయల పుడి మానడం మేలు.

తిండితో కానివీ ఉన్నాయి. మూసుకుపోయిన గర్భనాళాలు పథ్యంతో తెరుచుకోవు. మన దేశంలో అవి మూసుకుపోవడానికి క్షయ ఒక ముఖ్య కారణం. థైరాయిడ్ తేడా ఉంటే మాత్రలే వాడాలి. మగవాడికి వృషణాల దగ్గర సిరలు ఉబ్బితే డాక్టరే చూడాలి. ఏడాది గడిచినా, ఆమెకు ముప్పై ఐదు దాటితే ఆరు నెలలు గడిచినా, ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యంతో 1986లోనే టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ ఆ ఖర్చు చివరి మెట్టు. మొదటి మెట్టు ఎక్కకుండా అక్కడికి పోవడానికి మేము అప్పు ఇవ్వవలసి వస్తోంది.

ఆ అబ్బాయి చివరికి పరీక్షకు వెళ్ళాడు. ఎవరు ఒప్పించారో తెలియదు, నేనడిగిన ప్రశ్న మాత్రం ఆ ఇంట్లో చాలా రోజులు నలిగిందట. లెక్క హద్దు కంటే బాగా తక్కువ వచ్చింది. తంబాకు మానాడు, మూడు నెలలకు మళ్ళీ చూపించుకుంటే కొంత పెరిగింది. మానినందుకే పెరిగిందని డాక్టరు ఖాయంగా చెప్పలేదు, ఆ లెక్క మామూలుగానే ఎక్కుతూ దిగుతూ ఉంటుందట. ఇంకా బిడ్డ కలగలేదు. మొన్న అత్తగారు వడ్డీ కట్టడానికి ఒక్కతే వచ్చింది. వరుసలో పక్కన నిలబడిన ఆమె కోడలి సంగతి అడిగితే, "మా ఇంట్ల ఇద్దరికి దవా నడుస్తున్నది" అంది, గొంతు తగ్గించకుండా. అసలు ఇంకా తీరలేదు.