పురి విప్పి చూస్తే

బైపీసీలో చేరిన కొత్తల్లో మమ్మల్ని బాగా బెదరగొట్టిన పాఠం డీఎన్ఏ ప్రతికృతి. హెలికేజ్, ప్రైమేజ్, పాలిమరేజ్, లైగేజ్... అన్నీ ఒకేలా వినిపించే పేర్లు. మేము సోమశిల, ఆ చుట్టుపక్కల కృష్ణ ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం. మా ఇళ్లలో ఇంటర్ దాకా వచ్చింది మేమే మొదలు. ఇంటికి పోయి అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. అందుకని రాత్రి స్టడీ అవర్లో నలుగురం కూర్చొని, మాకు తెలిసిన పడవ తాడుతోనే ఈ పాఠం నేర్చుకున్నాం.

డీఎన్ఏ అంటే రెండు పోగులు పేనిన తాడు అనుకోండి. కణం రెండుగా చీలే ముందు ఆ తాడుకు నకలు తయారు కావాలి. మొదట హెలికేజ్ అనే ప్రోటీన్ పోగులను విడదీస్తుంది. తాడును మధ్యలో విప్పి చూసినవారికి తెలుసు, ఇక్కడ విప్పితే ముందున్న పురి బిగుస్తుంది. కణంలోనూ అంతే. టోపోఐసోమరేజ్ ముందుకు పోయి, తాడును కోసి, పురి వదిలించి, మళ్లీ అతికిస్తుంది. విడిపోయిన పోగులు తిరిగి అంటుకోకుండా ఇంకొన్ని ప్రోటీన్లు పట్టుకొని ఉంటాయి.

తర్వాత పాలిమరేజ్ ‘ఎ’ ఎదుట ‘టి’ని, ‘జి’ ఎదుట ‘సి’ని చేరుస్తూ కొత్త పోగు అల్లుతుంది. కానీ అది తనంతట తాను మొదలుపెట్టలేదు. ప్రైమేజ్ చిన్న ముక్క వేసి ఇవ్వాలి. ఎక్కువ దూరం పట్టు నిలవదు, జారిపోతుంది. అందుకే మన కణాల్లో పీసీఎన్ఏ అనే ప్రోటీన్ తాడు చుట్టూ ఉంగరంలా ఉండి దాన్ని పట్టి ఉంచుతుంది. ఒక పోగు మీద నకలు వరుసగా సాగుతుంది, రెండోదాని మీద ముక్కలు ముక్కలుగా. ఆ ముక్కలను అతికించే లైగేజ్ కూడా ఆ ఉంగరాన్నే ఆసరా చేసుకుంటుంది. ఇలా అందరూ కలిస్తేనే సుమారు 8 గంటల్లో 600 కోట్ల అక్షర జతలకు నకలు పూర్తవుతుంది.

మరి అక్షరాలే అందకపోతే? ‘టి’ తయారు కావడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఈ విటమిన్ మీద పనిచేశారు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ ఫోలిక్ ఆమ్లం పనికి అడ్డుపడుతుంది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని బోస్టన్‌లో రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. కొందరిలో జబ్బు కొంతకాలం తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాదే. ఆ మందుకు తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్ ఇప్పటికీ వాడుతున్నారు.

క్యాన్సర్ కణంలో నకలు ఆగాలి. ఎదిగే పిల్లల్లో మాత్రం ఆగకూడదు. పెద్దవాళ్ల ఎముక మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్ర రక్తకణాలు పుడతాయి. ఫోలిక్ ఆమ్లం తగ్గితే అవి సరిగా తయారుకావు, రక్తహీనత వస్తుంది. వారానికోసారి మనకిచ్చే నీలం మాత్రలో ఐరన్‌తో పాటు ఉన్నది ఇదే.

తమ్ముళ్లారా, ఆ మాత్ర పారేయకండి. కడుపులో తిప్పినట్టుంటే అన్నం తిన్నాక వేసుకోండి. విరేచనం నల్లగా అయితే భయపడొద్దు, అది ఐరన్ వల్లే. పప్పులో ఆకుకూరను పళ్లెం అంచుకు తీసిపెట్టకండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. వార్షికోత్సవానికి వచ్చినప్పుడు ఒక గంట ముందే రండి, చిన్నవాళ్లకు ఒక్క పాఠం చెప్పండి. తాడు మేమే తెస్తాం.